చాక్లెట్ మాకరాన్: నీటి లెక్క

బాదం, పంచదార, గుడ్డు తెల్లసొన, కోకో పొడి. చాక్లెట్ మాకరాన్ పెంకుకి కావలసినవి ఈ నాలుగే. మైదా లేదు, వెన్న లేదు, బేకింగ్ పౌడరూ సోడా ఉప్పూ లేవు. అయినా కేకులూ కుకీలూ అలవోకగా చేసేవాళ్లు కూడా మాకరాన్ దగ్గరికొచ్చేసరికి జంకుతారు. పెంకు పగిలిందనో, కింద ‘ఫీట్’ అనే ముడతల అంచు రాలేదనో, పైకి నున్నగా ఉన్నా కొరికితే లోపల డొల్లగా ఉందనో చెబుతారు. దానికి విరుగుడుగా వినిపించే నియమాలు కొల్లలు. తెల్లసొనను రెండు రోజులు నిలవ ఉంచాలి, వాన పడే రోజు చేయకూడదు, గంటసేపు ఆరబెట్టాలి, లెక్కపెట్టి యాభై సార్లే కలపాలి. ఒకరు తప్పనిసరి అన్నదాన్ని ఇంకొకరు అక్కర్లేదంటారు. ఈ నియమాల్లో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు, కోకో చేరాక ఏం మారుతుంది, మన వంటిళ్లకీ మన ఎండావానలకీ ఏ దారి కుదురుతుంది అన్నది ఒకచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాకరాన్ తయారీలో అడుగడుగునా నడిచేది నీటి వ్యవహారమే. తెల్లసొనలో నూటికి దాదాపు తొంభై పాళ్లు నీరు, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రొటీన్లు. ఆ నీటిలో ఎంత ఉంచుకోవాలి, ఎంత వదిలించుకోవాలి, ఎప్పుడు, ఏ దారిన బయటికి పంపాలి అన్నదే అసలు ప్రశ్న. ప్రచారంలో ఉన్న నియమాలన్నీ ఏదో ఒక రూపంలో దీనికి చెప్పిన జవాబులే. ఈ లెక్క పట్టుబడితే ఏ నియమం ఎందుకు పుట్టిందో, దాన్ని ఎక్కడ వదిలేయవచ్చో తెలుస్తుంది.

ముందు కొంచెం చరిత్ర. 1533లో కాథరీన్ ద మెడిచి ఇటలీ నుంచి ఫ్రాన్సు రాజకుటుంబానికి కోడలిగా వస్తూ తన వంటవాళ్లతో ఈ మిఠాయిని తెచ్చిందన్న కథ అందరూ చెప్పేదే గానీ, దానికి ఆ కాలపు ఆధారం లేదు. అంతకంటే గట్టి కథ నాన్సీ పట్టణానిది. విప్లవ కాలంలో, 1792లో, మఠాలు మూతపడ్డాక ఇద్దరు బెనెడిక్టైన్ సన్యాసినులు పొట్టపోసుకోవడానికి బాదం మాకరాన్లు చేసి అమ్మారు. ఆ రకం నాన్సీలో ఇప్పటికీ దొరుకుతుంది. దాని పైభాగం నిండా పగుళ్లే, మధ్యలో క్రీమూ ఉండదు, గనాషూ (చాక్లెట్, క్రీమ్ కలిపిన ముద్ద) ఉండదు. అంటే పగిలిన పెంకు తప్పు అన్న తీర్పు ఆ తర్వాత వచ్చిందే. రెండు నున్నటి పెంకుల మధ్య గనాష్ పెట్టి అతికించే పద్ధతిని 20వ శతాబ్దంలో పారిస్‌లోని లాద్యురే దుకాణానికి చెందిన పియెర్ దెఫోంతేన్ మొదలుపెట్టాడని ఆ సంస్థ చెప్పుకుంటుంది. ఆ దుకాణం 1862 నాటిది. తర్వాత పియెర్ ఎర్మే ఈ మిఠాయికి కొత్త రుచులు తెచ్చి దాన్ని ప్రపంచమంతా తిప్పాడు. తన పేరుతో మొదటి దుకాణం 1998లో టోక్యోలో, 2001లో పారిస్‌లో తెరిచాడు. మన దేశంలో మాకరాన్‌ని జనానికి పరిచయం చేసినవాళ్లలో పూజా ధింగ్రా పేరు ముందు చెప్పాలి. ఆమె 2010లో ముంబైలో ‘ల కాంజ్’ పతిస్సెరీ పెట్టారు.

ఇక నీటి దగ్గరికి వద్దాం. తెల్లసొనను గిలక్కొట్టి నురగ చేసే పద్ధతులు మూడు. ఫ్రెంచి పద్ధతిలో పచ్చి తెల్లసొన గిలక్కొడుతూ పంచదారను కొంచెం కొంచెంగా వేస్తారు. పని తక్కువ, కానీ ఆ నురగ సున్నితం. స్విస్ పద్ధతిలో తెల్లసొననూ పంచదారనూ ఒకే గిన్నెలో వేసి, మరిగే నీళ్ల మీద ఉంచి, 55-60 డిగ్రీల వరకు వేడిచేస్తారు. రెండు వేళ్ల మధ్య రాస్తే పలుకు తగలకూడదు. ఆ తర్వాత గిలక్కొడతారు. ఇటాలియన్ పద్ధతిలో పంచదార పాకాన్ని 118 డిగ్రీలకు కాచి, సగం గిలక్కొట్టిన తెల్లసొనలోకి సన్నని ధారగా పోస్తారు. ఎర్మే ప్రచురించిన కొలతలు ఈ పద్ధతివే. బాదం పొడి 300 గ్రాములు, ఐసింగ్ షుగర్ 300 గ్రాములు, పాకానికి పంచదార 300 గ్రాములు, నీళ్లు 75 గ్రాములు, తెల్లసొన రెండు విడతలుగా 110 గ్రాముల చొప్పున.

ఆ 118 డిగ్రీల దగ్గర తెలుగు వంటింటికి ఒక పై చేయి ఉంది. అరిసెల పాకం పట్టడం చూసినవాళ్లకు థర్మామీటర్ లేకపోయినా ఫరవాలేదు. చన్నీళ్ల పళ్లెంలో పాకం చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీయండి. అది ఉండ కట్టి, పైకి తీస్తే చదునుగా జారిపోకుండా నిలబడి, నొక్కితే మాత్రం అణగాలి. అరిసెలకి పట్టే ఉండపాకం కంటే ఇది ఒక పిసరు ముదురు. ఈ దశలో పాకంలో నీరు ఎనిమిదో వంతుకు మించి ఉండదు. అంతకంటే లేతగా దించితే ఆ మిగులు నీరంతా పిండిలోకి వెళ్లి పెంకు చదునుగా పరుచుకుంటుంది. ఇంకా ముదిరితే గిన్నె అంచులకు తీగలుగా గడ్డకట్టి, నురగలో కలవకుండా పోతుంది. పాకం పోసేటప్పుడు బీటర్ కమ్మీలకు తగలకుండా గిన్నె పక్కనుంచి పోయాలి. తగిలిందా, గోడల మీదికి చిమ్మి అక్కడే గట్టిపడుతుంది.

ఈ మూడింటిలో ఏది మేలన్న దాని మీద వాదాలు తెగవు. కాథ్రిన్ గార్డన్, ఆన్ మెక్‌బ్రైడ్ 2011లో తెచ్చిన ‘లె పెతీ మాకరాన్’ పుస్తకం ఏ మెరాంగ్ (తెల్లసొన, పంచదారల నురగ) అయినా పనికొస్తుందన్న వైఖరి తీసుకుంది. అది సరైన మాటే. కానీ సాదా మాకరాన్‌కి ఏదైనా ఒకటేనేమో గానీ, చాక్లెట్‌కి కాదు. కోకోలో ఉన్న కొవ్వును ఓర్చుకునే బలం ఫ్రెంచి నురగకు తక్కువ. పంచదార పూర్తిగా కరిగి, కాస్త వేడి తగిలి చిక్కబడ్డ నురగే దాన్ని తట్టుకుంటుంది. కాబట్టి మొదటిసారి చేసేవాళ్లకి నేను స్విస్ పద్ధతినే చెబుతాను. పాకం అదను తప్పుతుందన్న భయం ఉండదు, నురగ కూడా గట్టిది. ఇంకో లాభం, మన ఇళ్లలో గుడ్డు వంటల మీద మొదటి ఫిర్యాదు నీచు వాసన. అది వేడికి కొంత, కోకోకి మిగతా కొంత తగ్గిపోతుంది. ఒక సంగతి గుర్తుండాలి, 60 డిగ్రీల వేడి పంచదార కరగడానికే చాలు. సాల్మొనెల్లా లాంటి క్రిములను చంపే పని ఓవెన్‌దే.

తెల్లసొన నిలవ ఉంచాలన్న నియమానికి ఇక్కడే సమాధానం చెప్పుకోవచ్చు. పాత ఫ్రెంచి బేకరీల్లో సొనను విడదీసి ఒకటి రెండు రోజులు బయట పెట్టేవారు. కొంత నీరు ఆవిరై పోతుంది, చిక్కటి భాగం పలచబడి నురగ త్వరగా వస్తుంది. రెండూ నిజమే. కానీ గుడ్డు పాతబడేకొద్దీ తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, నురగ త్వరగా వచ్చినా నిలకడ తగ్గుతుంది. అమెరికన్ పేస్ట్రీ షెఫ్ స్టెల్లా పార్క్స్ ఈ నిలవ పద్ధతిని అపోహల జాబితాలో చేర్చి, తాజా సొనతోనే చేసి చూపించారు. నేను ఆమె పక్షమే. 35 డిగ్రీల ఎండలో తెల్లసొనను గట్టు మీద రాత్రంతా ఉంచడం ప్రమాదం కూడా. నిలకడ కావాలంటే ఒక్కో గుడ్డు సొనకి అర టీస్పూను నిమ్మరసమో, చిటికెడు క్రీమ్ ఆఫ్ టార్టారో చాలు. ఆ పులుపు ప్రొటీన్లు ఒకదానికొకటి మరీ బిగుసుకుపోకుండా ఆపుతుంది. రాగి గిన్నె కూడా ఆ పనే చేస్తుందని వంట శాస్త్రం రాసే హెరాల్డ్ మెగీ, ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిసి 1984లో ‘నేచర్’ పత్రికలో రాశాడు. రాగి గిన్నె వాడితే మాత్రం నిమ్మరసం వేయకూడదు, పులుపు రాగిని కరిగిస్తుంది.

కొలత విషయంలో ఒక హెచ్చరిక. విదేశీ వంటకాల్లో ‘మూడు గుడ్ల తెల్లసొన’ అని ఉంటే దాన్ని అలాగే పాటించకండి. అమెరికాలో పెద్ద గుడ్డు తెల్లసొన 33-35 గ్రాములుంటే, మన బజారు గుడ్డులో 30కి అటూ ఇటూగా ఉంటుంది. మూడు గుడ్ల మీద వచ్చే పది పదిహేను గ్రాముల తేడా దాదాపు అంతా నీరే. డిజిటల్ తూకం లేకుండా మాకరాన్ మొదలుపెట్టడం వృథా ప్రయాస.

ఇప్పుడు అసలు కథ, కోకో. కోకో పొడి పెంకులోకి రెండు పనులు మోసుకొస్తుంది, అవి రెండూ ఒకదానికొకటి ఎదురు. దానిలోని పీచూ పిండిపదార్థమూ నీటిని పీల్చుకుంటాయి, పిండి గట్టిపడుతుంది. దానిలోని కొవ్వు నురగ బుడగల గోడలను పడగొడుతుంది, పిండి పలచబడుతుంది. మొదటిది వెంటనే కనబడుతుంది. రెండోది కలుపుతున్నకొద్దీ నెమ్మదిగా పని చేస్తుంది. చాక్లెట్ పిండి చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ మధ్యలోనే. పిండి ఇంకా గట్టిగా ఉంది కదా అని తిప్పుతూనే ఉంటారు. చూస్తుండగానే అది ఒక్కసారిగా జారిపోతుంది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు.

అందుకే కోకో డబ్బా మీద చూడాల్సింది కొవ్వు అంకె. 100 గ్రాములకి 10-12 గ్రాముల కొవ్వున్న పొడి ఉంటుంది, 20-24 గ్రాములున్నదీ ఉంటుంది. కేకుకి రెండోది రుచి. మాకరాన్ పెంకుకి మొదటిదే క్షేమం. 1828లో డచ్చివాడు వాన్ హౌటెన్ కోకో గింజల ముద్దనుంచి కొవ్వును పిండి తీసే యంత్రానికి పేటెంటు పొందాడు. క్షారంతో కోకోను శుద్ధిచేసే పద్ధతి కూడా ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. అలా శుద్ధిచేసిన ‘డచ్ ప్రాసెస్’ పొడి నల్లగా, పులుపు తక్కువగా ఉంటుంది. కేకులో సోడా ఉప్పు ఉంటుంది కాబట్టి ఏ కోకో వాడుతున్నామన్నది పొంగును మారుస్తుంది. మాకరాన్‌లో సోడాయే లేదు. కాబట్టి ఇక్కడ ఆ ఎంపిక రంగుకీ రుచికీ సంబంధించినది మాత్రమే, ఈ విషయంలో బెంగపడక్కర్లేదు. పాలలో కలుపుకునే డ్రింకింగ్ చాక్లెట్ పొడి మాత్రం వద్దు, దానిలో పంచదారే ఎక్కువ.

ఎంత వేయాలి? 100 గ్రాముల తెల్లసొనకి 12-15 గ్రాముల కోకో దాటకపోవడం మంచిది. వేసినంత బరువును బాదం నుంచీ ఐసింగ్ షుగర్ నుంచీ తగ్గించాలి. నేను నమ్మే స్విస్ కొలత ఇది: తెల్లసొన 100 గ్రాములు, పంచదార 100 గ్రాములు, బాదం పొడి 100 గ్రాములు, ఐసింగ్ షుగర్ 95 గ్రాములు, కోకో 15 గ్రాములు. నల్లగా, గాఢంగా కావాలని 30 గ్రాములు వేస్తే పెంకు ఎండిపోయి పైన పగులుతుంది. ఎర్మే అయితే పొడికి బదులు పంచదార లేని కోకో ముద్దను కరిగించి కలుపుతాడు. రుచిలో దానికి సాటి లేదు. అంత కొవ్వును ఇటాలియన్ నురగ తప్ప వేరేది మోయలేదు కాబట్టి ఇంట్లో అది మొదటి మెట్టు కాదు. నా దృష్టిలో పెంకు పని ఆకారమూ కరకరా. చాక్లెట్ రుచిని మోయాల్సింది లోపలి గనాష్. ఈ పని విభజన ఒప్పుకుంటే సగం కష్టం తగ్గుతుంది.

బాదం పొడి ఇంట్లో చేసుకునేవాళ్లకి రెండు మాటలు. బాదంలో సగం నూనే. మిక్సీ వరసగా తిప్పితే వేడెక్కి ఆ నూనె బయటికొస్తుంది. పొట్టు తీసిన బాదాన్ని బాగా ఆరబెట్టి, ఫ్రీజర్లో కాసేపు ఉంచి, ఐసింగ్ షుగర్‌తో కలిపి, ఆపి ఆపి తిప్పాలి. తర్వాత జల్లెడ పట్టాలి. నానబెట్టి పొట్టు తీసిన పప్పులో తడి మిగిలితే అది కూడా నీటి లెక్కలోకే వస్తుంది. ఇంట్లో పంచదార పొడి చేస్తే అందులో కొంచెం కార్న్‌ఫ్లోర్ కలపండి. బజారు ఐసింగ్ షుగర్‌లో అది ఉంటుంది, తడిని పీల్చుకునేది అదే. బాదం ధర భారమనుకునేవాళ్లు పలాస జీడిపప్పుతో చేసుకోవచ్చు. జీడిపప్పులో నూనె కొంత తక్కువే, పెంకు మాత్రం కాస్త మెత్తగా వస్తుంది. ఇందులో కొత్తేమీ లేదు. తమిళనాడులోని తూత్తుకుడిలో జీడిపప్పు, పంచదార, తెల్లసొనలతో శంకువు ఆకారంలో చేసే మాకరూన్ ఎప్పటినుంచో ఆ ఊరి మిఠాయి.

కలపడం చేతి పని, దాన్ని దగ్గరగా చూడాలి. జల్లించిన పొడుల్ని నురగలో రెండు విడతలుగా వేసి, వెడల్పాటి స్పాచులాతో అడుగునుంచి పైకి తిప్పుతూ కలపండి. పొడి కనబడకుండా పోయాక పిండి ముద్దగా, మెరుపు లేకుండా ఉంటుంది. ఇప్పుడు దాన్ని గిన్నె గోడకేసి పులిమి, మళ్లీ దగ్గరికి తీయాలి. ఇలా పులిమినప్పుడల్లా కొంత గాలి పోతుంది. నాలుగైదు సార్లయ్యాక స్పాచులా ఎత్తి చూడండి. మొదట ముద్దలుగా తెగి పడుతుంది. ఇంకొంచెం పులిమితే వెడల్పాటి పట్టీగా జారుతూ మధ్యలో తెగుతుంది. పట్టీ తెగకుండా జారుతూ, కింద పడ్డ గీత పది పదిహేను సెకన్లలో తనంతట తాను కలిసిపోతే ఆపేయాలి. చాక్లెట్ పిండికైతే గీత పూర్తిగా కలవడానికి ఒక్క అడుగు ముందే ఆపండి. పైపింగ్ బ్యాగులోకి ఎక్కించేటప్పుడూ, నోజిల్లోంచి నొక్కేటప్పుడూ అది ఎలాగూ ఇంకొంచెం కలుస్తుంది. యాభై సార్లు, అరవై సార్లు అని లెక్కపెట్టే సలహాలకు విలువ లేదు. నురగ గట్టిదనం, గిన్నె సైజు, చెయ్యి బలం మారితే ఆ అంకె కూడా మారుతుంది.

ట్రే మీద మూడున్నర సెంటీమీటర్ల బిళ్లలుగా వేశాక, ట్రేని గట్టుకేసి రెండు మూడు సార్లు కొట్టి, పైకి తేలిన బుడగల్ని టూత్‌పిక్‌తో పొడవాలి. తర్వాత ఆరబెట్టడం. పై పొర ఆరి, వేలితో మెల్లగా రాస్తే అంటుకోకుండా ఉంటే, ఓవెన్లో లోపలి నీరు ఆవిరై పైకి రాలేక కిందనుంచి తోసుకొస్తుంది. అప్పుడు పెంకు అడుగు చుట్టూ ముడతల అంచు లేస్తుంది. బేకర్లు ఫీట్ అనేది దాన్నే. ఆరబెట్టడం అక్కర్లేదనే పార్క్స్ వాదన పొడి ఓవెన్‌కి, గట్టి నురగకి వర్తిస్తుంది. మన ఇళ్లలోని చిన్న ఓటీజీల్లో ఆవిరి బయటికి పోయే దారి తక్కువ. అందుకని ఆరబెట్టడాన్ని నేను వదలను. వాతావరణం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. తడి గాలిలో పై పొర ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది. గాలి చేసే మార్పు అంతే. ఏప్రిల్లో హైదరాబాద్‌లో ముప్పై నిమిషాల్లో ఆరేది, ఆగస్టులో కాకినాడలో గంటన్నర దాటినా ఆరకపోవచ్చు. అప్పుడు ట్రేని ఏసీ గదిలో పెట్టండి, లేదా ఓవెన్‌ని 40-50 డిగ్రీలకి పెట్టి, తలుపు ఓరగా తెరిచి పది నిమిషాలు ఉంచండి. సముద్రపు గాలి తగిలే తూత్తుకుడిలో తెల్లసొన మిఠాయి తరతరాలుగా నిలబడింది. వాన రోజున మానుకోవాలన్న మాట నమ్మాల్సిన పని లేదు.

ఓవెన్ దగ్గర మాత్రం ఎంత జాగ్రత్త పడినా తక్కువే. ఓటీజీ మీద 150 అని తిప్పినంత మాత్రాన లోపల 150 ఉండదు. పది ఇరవై డిగ్రీల తేడా మామూలే. కడ్డీలు వెలిగి ఆరుతూ ఉంటాయి కాబట్టి వేడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొద్దిపాటి ఖర్చుతో వచ్చే ఓవెన్ థర్మామీటర్ మాకరాన్‌కి మిక్సర్ కంటే ముఖ్యం. ఇరవై నిమిషాలు ముందే వేడిచేసి, పైనా కిందా కడ్డీలు వెలిగేలా పెట్టి, మధ్య అరలో ఒక్క ట్రే మాత్రమే ఉంచాలి. 150 డిగ్రీల దగ్గర 15-18 నిమిషాలు. పై కడ్డీ దగ్గరగా ఉండి పెంకు మాడుతుంటే పై అరలో ఖాళీ ట్రే అడ్డు పెట్టండి. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాను గాలి ఒక పక్కనుంచి కొడితే ఫీట్ ఒక వైపుకి ఒరుగుతుంది. అక్కడ పది పదిహేను డిగ్రీలు తగ్గించాలి. ఇసుకో ఉప్పో పోసి కుక్కర్లో కేకు చేయడం మన ఇళ్లలో ఉన్నదే గానీ, మాకరాన్‌కి అది కుదరదు. వేడంతా కిందనుంచే వస్తుంది, ఆవిరి లోపలే తిరుగుతుంది.

అయిదో నిమిషం దగ్గర అద్దంలోంచి చూస్తే పెంకు అడుగున సన్నటి గీత కనబడుతుంది. ఇంకో నిమిషానికి అది ముడతలు పడి పెంకును పైకెత్తుతుంది. ఆ తర్వాత కాస్త కుంగి అక్కడే ఆగుతుంది. లేత రంగు పెంకులైతే మాడుతున్నాయో లేదో రంగే చెబుతుంది. చాక్లెట్ పెంకు మొదటినుంచీ గోధుమ రంగే కాబట్టి కంటితో తెలియదు. వేలితో పై భాగాన్ని పక్కకి మెల్లగా కదపండి. ఫీట్ మీద జారుతున్నట్టు ఊగితే ఇంకా నీరుంది, రెండు నిమిషాలు ఆగాలి. పూర్తిగా చల్లారాక కాగితం మీదనుంచి శుభ్రంగా విడిపోవాలి. సగం కాగితానికే అంటుకుపోయిందంటే లోపల ఉడకలేదన్నమాట. మన బజారులో దొరికే పలచటి బటర్ పేపర్ తడికి ముడుచుకుని పెంకుల్ని వంకర చేస్తుంది. టెఫ్లాన్ షీటు కొనుక్కుంటే ఏళ్ల తరబడి వస్తుంది.

లోపల డొల్ల ఎందుకొస్తుందన్న దానికి ఒక్క కారణం చెప్పేవాళ్లని నమ్మకండి. నురగ మరీ ఎక్కువ గిలక్కొట్టి పొడిబారినా, పిండిని అతిగా కలిపినా, ఓవెన్ మరీ వేడైనా, ముందుగానే తీసేసినా డొల్ల రావచ్చు. అన్నిటిలోనూ జరిగేది ఒకటే. ఆవిరి పెంకును పైకి లేపింది, లోపలి గుజ్జు గట్టిపడకముందే కిందికి జారింది. ఎక్కువ సందర్భాల్లో మూడు నాలుగు నిమిషాలు అదనంగా ఉంచితే సరిపోతుంది. చిన్న ఖాళీ అయితే పట్టించుకోనే అక్కర్లేదు, గనాష్ తేమకి అది ఒక రోజులో పూడిపోతుంది.

గనాష్‌కి మంచి చాక్లెట్ వాడండి, ఈ విషయంలో నేను రాజీపడను. మన బేకింగ్ సామాన్ల దుకాణాల్లో ముందు చేతికిచ్చేది కాంపౌండ్. దానిలో కోకో బటర్‌కి బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది. చవక, ఎండకి తట్టుకుంటుంది, కానీ నాలుక మీద కరగదు. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర, అంటే నోటి వేడికే కరుగుతుంది. చాక్లెట్ రుచి విడుదలయ్యేది అప్పుడే. లేబుల్ మీద కోకో బటర్ అని ఉండి, 60-70 శాతం కోకో ఉన్నది తీసుకుంటే పెంకు తీపిని ఆ చేదు సరిచేస్తుంది. మంచి చాక్లెట్ కోసం బెల్జియం వైపు చూడాల్సిన అవసరమూ తగ్గింది. దేశంలో కోకో పండించడంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. గోదావరి జిల్లాల్లో, ఏలూరు వైపు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో ఇది అంతరపంట. ఆ గింజల్ని పులియబెట్టి చాక్లెట్ చేసే ‘మనం చాక్లెట్’ 2023లో హైదరాబాద్‌లో మొదలైంది. గోదావరి కోకోతో చేసిన గనాష్‌ని మాకరాన్‌లో పెట్టుకోగలగడం మనకి నిజమైన సంతోషం.

క్రీమ్ దగ్గర మళ్లీ నీరే. ఫ్రెంచి వంటకాలు 35 శాతం కొవ్వున్న క్రీమ్‌తో, చాక్లెట్‌కి సమానంగా కొలుస్తాయి. మనకి టెట్రాప్యాక్‌లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, మిగతా పది పాళ్లూ దాదాపు నీరే. సమానంగా కలిపితే గనాష్ జారుగా ఉండి పెంకుల మధ్యనుంచి కారుతుంది. 100 గ్రాముల క్రీమ్‌కి 130-150 గ్రాముల డార్క్ చాక్లెట్ వేయండి, వేసవిలో పై అంకె దగ్గర. వేడి క్రీమ్‌ని మూడు విడతలుగా పోసి మధ్యనుంచి కలపాలి. నూనె తేలి విరిగినట్టు కనబడితే పారేయకండి. ఆ కొవ్వును పట్టి ఉంచడానికి నీరు చాలలేదని అర్థం. ఒక స్పూను గోరువెచ్చని పాలు పోసి తిప్పితే దగ్గరికొస్తుంది.

గుడ్డు ముట్టని ఇళ్ల ప్రశ్న మన దగ్గర చిన్నది కాదు. దీనికి మార్గం ఫ్రాన్సు నుంచే వచ్చింది. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి వ్యక్తి, పప్పులు ఉడికించిన నీళ్లు తెల్లసొనలాగే నురగ కడతాయని చూపించాడు. మరుసటి ఏడాది అమెరికాలో గూస్ వోల్ట్ శనగల నీళ్లకి ఆక్వాఫాబా అని పేరుపెట్టాడు. కాబూలీ శనగలు ఉప్పు లేకుండా ఉడికించి, ఆ నీళ్లను మూడో వంతుకి మరిగించి, చల్లార్చి వాడాలి. చల్లారాక చిక్కగా, వేళ్ల మధ్య జిగురుగా ఉండాలి, పలచగా ఉంటే నురగ నిలవదు. దీని నురగ తెల్లసొన నురగ కంటే బలహీనం కాబట్టి కొవ్వు తక్కువున్న కోకోని కూడా 8-10 గ్రాములకే పరిమితం చేయాలి. ఓవెన్ 120-130 డిగ్రీల దగ్గర, సమయం ఎక్కువ. రుచిలో తేడా తెలుస్తుంది, ముఖ్యంగా లోపలి మెత్తదనంలో. కానీ చాక్లెట్ గనాష్ మధ్యలో ఉన్నప్పుడు ఆ తేడా చాలా తగ్గుతుంది. అందుకే శాకాహారులు మొదలుపెట్టాల్సిన రుచి చాక్లెటే.

పెంకుల మధ్య గనాష్ పెట్టిన వెంటనే తింటే మాకరాన్ ఇంకా తయారు కాలేదన్నమాట. అప్పటికి పెంకు కరకరలాడుతుంది, గనాష్ విడిగా తగులుతుంది. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచితే గనాష్‌లోని నీరు నెమ్మదిగా పెంకులోకి చేరి లోపలి వైపు మెత్తబడుతుంది, పై పొర మాత్రం పలచటి కరకర నిలుపుకుంటుంది. కాస్త ఎక్కువ కాలిన పెంకులు కూడా రెండు రోజుల్లో దారికొస్తాయి. తక్కువ కాలినవి అలా బాగుపడవు, ఇంకా ముద్దవుతాయి. అనుమానం వస్తే ఎక్కువ వైపే ఉండమనేది అందుకే. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు, ఫ్రీజర్లో నెల వరకు నిలవ ఉంటాయి. బయటికి తీశాక డబ్బా మూత వెంటనే తెరవకండి. చల్లటి పెంకు మీద మన గాలిలోని తేమ చుక్కలుగా దిగి పైభాగం జిగురవుతుంది. మూత అలాగే ఉంచి, అరగంట ఆగి, డబ్బా బయటి వైపు తడి ఆరాక తెరవాలి.